ప్రజాధనమునకు కావలి

పెండ్లి జరుగు ఇంట వధూవరులను అందరును చూతురు. మంగళవాద్యములు విందురు. పంక్తిని కూర్చుండి వంట బాగున్నదని మెచ్చుకొందురు. కాని బియ్యము ఎన్ని బస్తాలు దిగినవో, నేయి ఎవరు తూచి పుచ్చుకొనిరో, విస్తళ్లు చాలునో చాలవో అని కొట్టుగది వాకిట కాచుకొని కూర్చున్న పెద్దమనిషిని ఎవరును చూడరు. లోటు వచ్చిననాడు మాత్రము ఆయన పేరు పదిమంది నోళ్లలో పడును. చరిత్రయందును ఇంతే. యుద్ధములు గెలిచిన సేనానుల పేర్లు బడిపిల్లలకు సైతము తెలియును. వారి సైనికుల కాళ్లకు జోళ్లు తొడిగినవాని పేరు పండితులకును తెలియదు. అట్టి ఒకనిని గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి. ఆయన పేరు మాంట్గామరీ మెగ్స్. అమెరికా అంతర్యుద్ధకాలమున ఉత్తరపు సేనకు క్వార్టర్‌మాస్టర్ జనరల్, అనగా సేనకు వలయు సంభారములను కొని, మోయించి, అందింపవలసిన శాఖకు అధిపతి.

ఆ యుద్ధము 1861 ఏప్రిల్‌లో మొదలై 1865లో ముగిసినది. బానిసత్వమును నిలుపుకొనగోరిన దక్షిణ రాష్ట్రములు దేశమునుండి విడిపోగా, వానిని మరల కలుపుకొనుటకై లింకను ప్రభుత్వము పోరాడెను. ఇది మనకు బొత్తిగా పరాయి కథ కాదు. దక్షిణపు రేవులను ఉత్తరపు ఓడలు దిగ్బంధించుటచే ఇంగ్లండు మిల్లులకు ప్రత్తి కరవయ్యెను. ఆ కొరత తీర్చుటకు మన దేశపు ప్రత్తికి గిరాకి హెచ్చెను. గుంటూరు సీమ ప్రత్తి కాకినాడ రేవున ఓడలకెక్కినది ఆ దినములలోనే. ఎక్కడనో సముద్రములకు ఆవల మ్రోగిన ఫిరంగి మన రైతు ఇంట వెండిరూపాయలై గలగలలాడినది. అదే ప్రత్తి కరవు మెగ్స్ దొరకును తగిలినది. ఆయన సేనకు కొనవలసిన డేరాలకు ప్రత్తినూలు గుడ్డయే కావలెను గదా!

ఆయన 1816లో పుట్టెను. సైనిక విద్యాలయమున చదివి ఇంజనీరయ్యెను. 1853 మొదలుకొని వాషింగ్టను నగరమునకు మంచినీరు తెచ్చు కాలువపనియు, పార్లమెంటు భవనమును పెంచి దానిపై ఇనుపగోపురము నెత్తు పనియు ఆయన చేతిలో నుండెను. లక్షల డాలర్ల ఇటుక, సున్నము, చలువరాయి, ఇనుము కొనవలసిన పనులవి. అట్టి చోట కాంట్రాక్టుల కొరకు పెద్దల సిఫారసులు రాకమానవు. 1857లో యుద్ధమంత్రియైన జాన్ ఫ్లాయిడ్ తన పక్షమువారికి, తన ఆప్తులకు కాంట్రాక్టులు ఇమ్మని ఒత్తిడి పెట్టెను. మెగ్స్ అప్పటికి ఒక కాప్టెను మాత్రమే. మంత్రి తలచుకొన్నచో ఆయన ఉద్యోగము ఒక సంతకముతో పోవును. అయినను ఆయన తలయొగ్గలేదు. మంత్రికి జాబులపై జాబులు వ్రాసెను. వ్రాసినదాని నకలు దాచెను. చేసిన ప్రతి కొనుగోలుకు లెక్క చూపెను.

మంత్రి ఆయనను 1859లో భవనము పనినుండి తొలగించెను. 1860లో శాసనసభవారు నీటికాలువకు అయిదు లక్షల డాలర్లు మంజూరు చేయుచు, ఆ సొమ్ము కాప్టెన్ మెగ్స్ పర్యవేక్షణలోనే ఖర్చు కావలెనని చట్టములోనే వ్రాసిరి. ఒక చిన్న ఉద్యోగి పేరు చట్టమున కెక్కుట అపురూపము. ఐనను మంత్రి ఊరకుండలేదు. ఆ శరత్కాలముననే ఆయనను ఫ్లారిడా కొసకు పడమటగా సముద్రమధ్యముననున్న డ్రై టోర్టుగాస్ దీవులకు, అచ్చటి కోటపనికని పంపివేసెను. పేరుకు బదిలీయే కాని, అది ప్రవాసము. కొలది నెలలకే కథ అడ్డము తిరిగెను. రవాణా కాంట్రాక్టుదారులు ఇంకను చేయని పనికి మంత్రి ముందుగానే చెల్లింపు పత్రములు వ్రాసి యిచ్చెనన్న సంగతి బయటపడెను. 1860 డిసెంబరులో ఆయన పదవి వీడెను. 1861 ఫిబ్రవరిలో మెగ్స్ రాజధానికి తిరిగివచ్చెను. ఆ వెనుక రెండు నెలలకు యుద్ధము వచ్చెను. పాత క్వార్టర్‌మాస్టర్ జనరల్ దక్షిణ పక్షమున చేరిపోగా, ఆ స్థానమున లింకను మెగ్స్‌ను నియమించెను.

ఆయన చేతికి వచ్చిన శాఖ ఎట్టిదో చూతము. యుద్ధమునకు ముందు ఆ దేశపు సేన పదునారు వేలు. ఏడాది తిరుగకమునుపే అది అయిదు లక్షలు దాటెను. ఆహారమును, ఆయుధములను కొనుటకు వేరు శాఖలు కలవు. తక్కినదంతయు ఈయన తలపైననే: కోట్లు, లాగులు, జోళ్లు, కంబళ్లు, డేరాలు, బండ్లు, గుర్రములు, కంచరగాడిదలు, గడ్డి, దాణా, వంటచెరకు, రైలు కిరాయి, ఓడల బాడుగ. ఒక్క గుర్రపు మేత చూడుడు. దినమునకు పదునాలుగు పౌనుల ఎండుగడ్డి, పండ్రెండు పౌనుల ధాన్యము నిబంధన. వేయి గుర్రములున్న దండుకు ఇరువదియారు వేల పౌనుల మేత ప్రతిదినము చేరవలెను. తుపాకిమందు లేనినాడు యుద్ధము ఆపవచ్చును. గుర్రపు ఆకలి ఆగదు.

మొదటి వేసవి అంతయు గందరగోళమే. కేంద్రమువారు కొనుచుండిరి. రాష్ట్రముల గవర్నర్లు కొనుచుండిరి. దళనాయకులును కొనుచుండిరి. ఒకే కంబళి కొరకు ముగ్గురు పాట పాడగా ధర ఆకాశమంటెను. చింకిగుడ్డలను చీల్చి, ఆ పీచును మరల నొత్తి నేసిన నాసిరకపు ఉన్నిబట్టతో కొందరు వర్తకులు సైనికదుస్తులు కుట్టి యిచ్చిరి. తొడిగిన కొలదిదినములకే అవి చినిగిపోయెను. ఆ బట్టను ఆంగ్లమున ‘షాడీ’ యందురు. నాటినుండియే ఆ మాట నాసిరకపు వస్తువున కంతకును పేరై నిలిచినది. రంగులును ఒకటి కాదు. 1861 ఆగస్టు 10న విల్సన్స్ క్రీక్ యుద్ధమున బూడిదరంగు దుస్తులతో వచ్చుచున్న శత్రుదళమును తమవారని భ్రమించి ఉత్తరపువారు దగ్గరకు రానిచ్చిరి. ఆ పొరపాటునకు ప్రాణములతో వెల చెల్లించిరి. కొనుగోలులోని క్రమలోపము రణరంగమున నెత్తురగునని దీనివలన తెలియుచున్నది.

శాసనసభవారు ఆ జూలైలోనే కాంట్రాక్టుల విచారణకు ఒక సంఘము వేసిరి. వాన్ వైక్ దానికి అధ్యక్షుడు. వారు బయటపెట్టినవానిలో ఒకటి చెప్పుదుము. ఇది ఆయుధముల కొనుగోలు, మెగ్స్ శాఖది కాదు. ప్రభుత్వమువారు పనికిరావని మూడున్నర డాలర్లకు అమ్మివేసిన అయిదు వేల తుపాకులను, చేతులు మారిన పిదప, ప్రభుత్వ సేనాని యొకడు ఇరువదిరెండు డాలర్ల చొప్పున తిరిగి కొనెను! తన ఇంటి చెంబును సంతలో అమ్మి, మరునాడు దానినే ఆరింతలు పెట్టి కొన్నవానిని మనము ఏమందుము? మెగ్స్ శాఖయును మచ్చలేనిది కాదు. సెయింట్ లూయిస్ నగరమున దాని అధికారియైన జస్టస్ మెకిన్‌స్ట్రీ తనవారికే కాంట్రాక్టులు కట్టబెట్టెనన్న అభియోగముపై నిర్బంధింపబడి, సైనిక న్యాయస్థాన విచారణానంతరము 1863 జనవరిలో ఉద్యోగమునుండి తొలగింపబడెను. ఆ చోటికి వచ్చిన రాబర్ట్ అల్లెన్ అదే కుర్చీలో కూర్చుండి, యుద్ధము ముగియులోపల పదికోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసి, పేరు చెడకుండ నిలిచెను. కుర్చీ ఒక్కటే. మనిషి వేరు, పద్ధతియు వేరు.

ఈ పద్ధతియే మేము ముఖ్యముగా చెప్పదలచినది. మెగ్స్ తాను నిజాయితీపరుడు. కాని ఒక్కని నిజాయితీ వేల బేరములను కాయలేదు. మూడువేల మైళ్ల దేశమున ఎక్కడనో ఒక గుమస్తా ఒక రాత్రివేళ గడ్డిమోపులను లెక్కపెట్టుచుండును. అక్కడ మెగ్స్ ఉండడు. అక్కడ ఉండగలది నియమము మాత్రమే. కనుక ఏ బేరమైనను మరియొకని కంటికి కనబడునట్లు చేయుటయే ఆయన యత్నము. దానికి చట్టము కొంత తోడ్పడెను. 1861 మార్చి చట్టమును బట్టి, అత్యవసరము తప్ప, బహిరంగ ప్రకటన చేసి టెండర్లు పిలువవలెను. 1862 జూన్ చట్టమును బట్టి ప్రతి ఒప్పందమును వ్రాతమూలమున నుండి, ఇరువురి సంతకములు పడి, దాని నకలు ముప్పది దినములలో వేరొక మంత్రిత్వశాఖలోని కార్యాలయమునకు చేరవలెను. 1863 మార్చి 2న మరియొక చట్టము వచ్చెను. దొంగబిల్లు పెట్టినవాడు నష్టమునకు రెట్టింపు కట్టి, రెండువేల డాలర్ల జరిమానాయు చెల్లించవలెను. ఆ మోసమును బయటపెట్టి దావా వేసిన పౌరునికి వచ్చినదానిలో సగము. సవరణలతో ఆ చట్టము నేటికిని ఆ దేశమున అమలులో నున్నది.

చట్టము చెప్పనిదానిని శాఖ తానే ఏర్పరచుకొనెను. ఫిలడెల్ఫియా, న్యూయార్కు, సిన్సినాటి నగరములలో దుస్తుల గిడ్డంగులు పెద్దవాయెను. ప్రతి వస్తువునకు ముద్రవేసిన మచ్చు ఒకటి ఉండెడిది. వచ్చిన సరకును పరీక్షాధికారి ఆ మచ్చుతో పోల్చి చూచి పుచ్చుకొనవలెను. సరకుపై తయారుదారు పేరును, పరీక్షాధికారి ముద్రయు పడుచుండెను. అప్పుడు జోడు తెగినచో నేరము ఎవరిదని వెదకనక్కరలేదు. కుట్టినవాని పేరు, సరియని పలికినవాని పేరు రెండును అచ్చటనే ఉండును. మోసము అంతటితో ఆగెనని కాదు. వాషింగ్టనులో కొందరు దాణా వర్తకులు ఓట్సు, మొక్కజొన్న కలిపి, రెండింటి బరువులోను ధరలోను గల తేడాను మిగుల్చుకొనిరి. విచారణలో అది బయటపడి పట్టుబడిరి. దొంగ ఉండనే ఉండును. కాని పద్ధతి యున్నచోట వానిని పట్టుకొనుటకు దారి యుండును.

ఆయన బేరములో మొండివాడే కాని మూర్ఖుడు కాడు. 1861 శరత్తున స్వదేశపు మిల్లులలో నీలి ఉన్నిబట్ట చాలినంత దొరకలేదు. చలి ముంచుకొని వచ్చుచుండెను. ఆయన యూరపునుండి బట్ట తెప్పించుటకు ఏర్పాటు చేసెను. స్వదేశీ పరిశ్రమకు ద్రోహమని బోస్టను వర్తకులు మొరపెట్టిరి. కాపలా కాయుచున్న సైనికుడు వణకుచుండగా మిల్లు మగ్గముల కొరకు వేచియుండలేనన్నది ఆయన వాదము. మరుసటి ఏటికి స్వదేశపు మిల్లులు అందుకొనగా పైదేశపు కొనుగోళ్లు తగ్గిపోయెను. పెద్ద డేరాలకు బదులు, ఇద్దరు సైనికులు చెరిసగము మోసికొనిపోయి రాత్రికి గుండీలతో జతపరచుకొను చిన్న డేరాలు వచ్చెను. గుడ్డయు, బండ్ల బరువును రెండును కలిసివచ్చినవి.

ఆయనకు కొరుకుడుపడనిది ఒకటి కలదు: ఖజానా ఆలస్యము. సరకు పుచ్చుకొందురు, రసీదు ఇత్తురు, సొమ్ము మాత్రము నెలల తరబడి రాదు. 1862 మార్చి చట్టమును బట్టి డబ్బునకు బదులు అప్పుపత్రములు చేతికిచ్చిరి. వర్తకుడు వానిని బజారులో తరుగునకు మార్చుకొని, ఆ తరుగును మరుసటి టెండరులో ధరపై వేసికొనెను. చిన్న వర్తకులు తట్టుకొనలేక తప్పుకొనిరి. నిలువగలిగినవారు ధనికులు, వారితోపాటు సాహసులైన వంచకులు. ప్రభుత్వము సకాలమున చెల్లింపనిచో చవుకగా కొనలేదని మెగ్స్ పలుమారులు పైవారికి మొరపెట్టుకొనెను. అరువుబేరము గొడ్డుచేటు అన్న మాట మన పల్లెలలో వినుచునే యున్నాము. రాజ్యమునకును అది తప్పదు.

1864 జూలై 4న చట్టముచే ఆయన కార్యాలయము తొమ్మిది విభాగములుగా ఏర్పడెను. పశువులు, దుస్తులు, సముద్ర రవాణా, రైలు నదీ రవాణా, మేత, వసతులు ఆసుపత్రులు, బండ్లు, తనిఖీ, దస్తావేజులు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అధికారి. వీనిలో తనిఖీకి వేరు విభాగము, కాగితములకు వేరు విభాగము ఉండుట గమనింపదగినది. కొనువాడు, పరీక్షించువాడు, లెక్క వ్రాయువాడు ఒక్కరే యగుట కంచెయు చేనును ఒక్కటియగుటయే. మెగ్స్ గదిలో కూర్చుండి సంతకములు చేసిన అధికారియు కాడు. 1863లో చట్టనూగ వద్ద సేన ముట్టడిలో ఆకలితో నున్నప్పుడు అచ్చటికి పోయి సరఫరాదారి తెరచు పనిలో చేయి కలిపెను. 1864 డిసెంబరులో షెర్మను సేన జార్జియా రాష్ట్రమంతయు నడిచి, బట్టలు చినిగి, జోళ్లు అరిగి సముద్రతీరమునకు చేరునప్పటికి, ఏ రేవున తేలునో ముందుగా తెలియకున్నను, క్రొత్త దుస్తులతో సరఫరా ఓడలు తీరమున కాచుకొనియుండెను. యుద్ధము ముగియునప్పటికి ఆ శాఖ చేతిమీదుగా ఖర్చయిన మొత్తము సుమారు నూటయేబది కోట్ల డాలర్లు. దానికి లెక్క చూపగలిగిరి. వ్యక్తిగతముగా మెగ్స్ ఒక డాలరైనను ఆర్జించెనని వైరులును అనలేదు.

ఇంతవరకు చెప్పి ఊరకుండిన కథ సగమే యగును. తక్కువ ధరకు టెండరు వేసినవానికి కాంట్రాక్టు ఇచ్చితిమి. మంచిది. ఆ తక్కువ ఎవరి సంచిలోనుండి వచ్చినది? ఫిలడెల్ఫియా గిడ్డంగివారు బట్ట కత్తిరించి, వేలాది స్త్రీలకు ఇండ్లకిచ్చి కుట్టించి, కూలి నేరుగా చెల్లించెడివారు. వారిలో అనేకులు భర్తలను, అన్నదమ్ములను సేనకు పంపినవారు. కాంట్రాక్టుదారులు అదే పనిని అంతకంటె తక్కువ కూలికి చేయించి, మిగిలినది తాము పుచ్చుకొనిరి. 1865లో సిన్సినాటి కుట్టుపనివారు లింకనుకు విజ్ఞప్తి పంపుకొనిరి: పని గిడ్డంగి నుండియే తమకు నేరుగా ఇప్పింపుడని. వారడిగినది దానము కాదు, దళారి లేని కూలి. కోటు మచ్చుకు సరిపోయెను. ధర అందరికంటె తక్కువ. లెక్క అణాపైసలతో సరి. కాని ఆ లెక్కలో ఆ స్త్రీ దీపపు చమురు లేదు. ప్రజల సొమ్మును కాచుటలో ప్రజలనే మరచు ప్రమాదము కలదని ఆ విజ్ఞప్తి నేటికిని చెప్పుచున్నది. నిజాయితీగల కొనుగోలుదారునికి గూడ ఇది మిగిలిన ప్రశ్నయే.

మెగ్స్‌లో లోపములు లేకపోలేదు. తన పేరు మీద ఆయనకు మక్కువ మెండు. నీటికాలువ ఇనుపపనులపై, వంతెన రాళ్లపై తన పేరు చెక్కించుకొనెను. కాబిన్ జాన్ వాగుపై ఆయన కట్టిన రాతివంతెన, రెండువందల ఇరువది అడుగుల ఒకే కమాను, నాలుగు దశాబ్దములు ప్రపంచమున అట్టివానిలో మిన్నగా నిలిచెను. నేటికిని దాని మీదుగా రాకపోకలు సాగుచున్నవి. జోళ్లపై కుట్టినవాని పేరు వేయించినవాడు తన పనిపై తన పేరు వేసికొనుటలో న్యాయము లేకపోలేదు. పని చెడినచో ఆ పేరే సాక్ష్యము చెప్పును గదా. 1864 అక్టోబరులో ఆయన కుమారుడు, తండ్రివలెనే ఇంజనీరు, యుద్ధమున మరణించెను. ఆ దుఃఖము ఆయనను కడవరకు వీడలేదు. దక్షిణపువారి యెడ ఆయన మనస్సు మరి మెత్తబడలేదు.

యుద్ధానంతరము, ఉద్యోగవిరామము పిదప, సైనికుల పింఛనుల కార్యాలయమునకు ఆయన ఒక గొప్ప ఇటుకభవనము కట్టెను. 1887లో అది ముగిసినది. నేడది జాతీయ భవననిర్మాణ ప్రదర్శనశాల. దాని చుట్టును వేయిన్ని రెండువందల అడుగుల శిల్పపంక్తి కలదు. అందు గుర్రమెక్కిన సేనానుల విజయయాత్ర లేదు. నడచువారు, పడవ నడపువారు, గాయపడినవారు, బండ్లవారు కలరు. బండి తోలువాడు బానిసత్వమునుండి విముక్తుడైన నల్లజాతివాడే కావలెనని శిల్పికి మెగ్స్ ఆదేశించెను. అట్టివారు వేలాదిగా ఆ శాఖ బండ్లు తోలి, ఓడలు దింపి, సేనను నిలిపిరి. 1892 జనవరిలో ఆయన మరణించెను.

తన పేరు రాతిపై చెక్కించుకొన్న మనిషి, కడకు పేరులేని బండివానిని గూడ గోడకెక్కించెను. మనయింట పెండ్లినాడు కొట్టుగది వాకిట కూర్చున్న పెద్దమనిషిని ఈసారి చూచినప్పుడు ఒక మంచిమాట పలుకుదము. ఆయన చేతిలోని చీటీని గూడ ఒకమారు అడిగి చూతము. రెండును మర్యాదలే. నిజాయితీపరుడు రెండవదానికి నొచ్చుకొనడు.